అరణ్యపర్వ శేషము

ఆంధ్ర మహాభారతమునకు నడుమ ఒక గండి యుండెడిది. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు నన్నయభట్టు ఆది సభా పర్వములను ముగించి, అరణ్యపర్వమున నాలుగవ యాశ్వాసములో 142వ పద్యము వఱకు నడిచి, అచ్చట నిలిచిపోయెను. తరువాత రమారమి రెండు శతాబ్దములకు నెల్లూరిలో తిక్కన సోమయాజి భారత రచనకు పూనుకొని, ఆ నిలిచిన చోటినుండి గాక, విరాటపర్వము మొదలుకొని స్వర్గారోహణము దాక పదునైదు పర్వములను తానొక్కడే తెలిగించెను. గండి గండిగనే యుండెను. 14వ శతాబ్దమున, అద్దంకి రెడ్డిరాజుల కాలమున, ఎఱ్ఱన వచ్చి దానిని పూడ్చెను. ఈ సంగతి తెలుగు వాచకము చదివిన ప్రతి బాలునకును తెలిసినదే. పరీక్షలో రెండు మార్కులు తెచ్చిపెట్టు ప్రశ్నగా నేనును దానిని నేర్చితిని; పరీక్ష ముగిసిన నాడే దానిని గూర్చి ఆలోచించుట మానితిని. ఆ గండి యెంత లోతైనదో, దానిని అట్లే విడిచి ముందునకు సాగిన మహాకవి గుండె యెంతటి నిబ్బరము గలదో, అన్యుడు విడిచిన పనిని అన్యుని పేరనే ముగించిన మఱియొక మహాకవి వినయమెట్టిదో తెలియుటకు, ఆ గ్రంథమునంతయు పద్యము పద్యముగా నోరార చదువవలసి వచ్చినది.

మా ఊరి రామాలయములో, వర్షము ముఖము చాటువేసిన సంవత్సరములలో, విరాటపర్వము చదివించెడివారు. విరాటపర్వము చదివిన వాన కురియునను నమ్మకము తెలుగునాట చిరకాలముగా నున్నది. పౌరాణికులు వ్యాసపీఠము ముందర కూర్చుండి రాగయుక్తముగా పద్యము చదివి, విఱిచి, అర్థము చెప్పుచుండగా, దుక్కి దున్ని విత్తనములు సిద్ధము చేసికొని ఆకాశమువంక చూచుచున్న రైతులును, నిద్రపోయిన బిడ్డలను ఒడిలో వేసికొన్న తల్లులును, అరుగు చివర చుట్ట ఆర్పి చేతిలో దాచుకొన్న వృద్ధులును కదలక మెదలక వినెడివారు. ఆ యేడు వాన ఎన్నడు కురిసినదో నాకిపుడు జ్ఞాపకము లేదు. కాని, మొదలుపెట్టిన పర్వమును ఐదాశ్వాసములును ముగియకుండ నడుమ నిలుపుట యనునది అచ్చటి వారిలో ఎవ్వరి తలంపునకును రాలేదనుట మాత్రము బాగుగ జ్ఞాపకమున్నది. మబ్బు పట్టిన సాయంకాలమును చదువు సాగినది, నక్షత్రములు కాచిన రాత్రియు చదువు సాగినది. వానకొఱకు ఆరంభించిన చదువు వానను మఱచి తన త్రోవను తాను నడచినట్లు నాకు తోచెడిది. నమ్మకమనగా నేమో నాకెవ్వరును పాఠముగా చెప్పలేదు. నేను చూచిన మొదటి నమ్మకము అది.

భారతమును ఆమూలాగ్రముగ పద్యములలోనే చదువవలెనను కోరిక నాకు అప్పుడే బీజరూపమున కలిగియుండును. కాని విద్య ముగియుట, ఉద్యోగము దొరకుట, ఆ ఉద్యోగము నన్ను ఊరూరును త్రిప్పుట, సంసారము పెరుగుట మున్నగు వ్యవహారములలో ఆ బీజము అడుగున పడియుండి, నడివయస్సు దాటునప్పటికి గాని తల యెత్తలేదు. అప్పటికి నాకు ఛందస్సు స్థూలముగ తెలియును. సంధులు కొన్ని తెలియును. వ్యాకరణమన్న గౌరవము, భయము రెండును కలవు. ఇరువది యొక్క వేలకు మించిన గద్యపద్యములు ముందు నిలిచినవి. నా సంకల్పమును విన్న మిత్రులు, “వచనంలో ఎంతమంది రాయలేదు? నెల రోజుల్లో అయిపోతుంది గదా, ఎందుకండీ ఈ శ్రమ?” అనిరి. వారి మాటలో అసత్యమేమియు లేదు. కథకొఱకైన వచనమును అక్కఱలేదు. భారతకథ తెలియని తెలుగువాడెవ్వడు? నాకు కావలసినది కథ కాదు. ఆ కథను మన నాలుకకు అలవాటు చేయుటకై ముగ్గురు మహానుభావులు మూడు శతాబ్దముల పొడవున పడిన శ్రమ యొక్క అడుగుజాడలలో, నా శక్తి కొలది, నేను గూడ నడువవలెనని కోరితిని. కొన్ని కోరికలకు ప్రయోజనమడిగిన ప్రత్యుత్తరము దొరకదు. దొరకలేదని అవి చిన్నవి కావు.

మా వీధి చివర ఉద్యోగ విరమణ చేసిన వృద్ధ తెలుగు పండితులొకరు ఉండిరి. అందఱును వారిని మాస్టారనియే పిలిచెడివారు. నేను వెళ్లి నా సంకల్పమును విన్నవించి, ఎట్లు ఆరంభింపవలెనని అడిగితిని. వారు కొంతసేపు కన్నులు మూసికొని యుండి, “రాసిన వరసలో చదువు నాయనా,” అనిరి. నాకు బోధపడలేదు. “పర్వాల వరస కాదు, కవుల వరస. ముందు నన్నయ. ఆయన ఆగిన చోట నువ్వూ ఆగు. అక్కణ్ణించి విరాటానికి వెళ్లు. తిక్కనగారిని పూర్తిచెయ్యి. అప్పుడు వెనక్కొచ్చి ఎఱ్ఱన్ని చదువు. ఆ ఖాళీ నీక్కూడా తెలియాలి.” నేను సందేహించుచు, “అర్థం కాని పద్యాలు చాలా ఉంటాయి గదా మాస్టారూ?” అని అడిగితిని. “ఉంటాయి. అర్థం కాలేదని ఆగకు. గొంతుకు పట్టనీ, బుద్ధికి అదే పడుతుంది,” అని చెప్పి, లోపలికి వెళ్లి, మద్రాసున వావిళ్లవారు అచ్చువేసిన ఆదిపర్వమును తెచ్చి నా చేతిలో పెట్టిరి. కాగితము గోధుమవన్నెకు తిరిగి, అంచులు వేలి తాకిడికే రాలుచుండెను. కుట్టు వదలిన చోట్ల వారే నూలుదారముతో మరల కుట్టికొనియుండిరి.

నాటినుండి తెల్లవాఱుజామున, పాలవాని సైకిలు గంట మ్రోగక మునుపే లేచి చదువుట అలవడినది. పద్ధతి సులభమైనదే. మొదట పద్యమును గొంతెత్తి చదువుట. యతి కుదిరిన చోట ఒక లిప్తకాలము నిలుచుట. పిదప సంధులు విప్పి పదములను విడదీయుట. క్రియ ఎచ్చట దాగియున్నదో వెదకి పట్టుకొని, కర్తను దాని చెంతకు తెచ్చుట. తెలియని పదము వచ్చినప్పుడు నిఘంటువును తెఱచుట. చివర మరల ఒకమాఱు, ఈసారి అర్థముతో, గొంతెత్తి చదువుట. ఒక్కొక్క ఉదయము పది పద్యములు అవలీలగ సాగెడివి. మఱియొక ఉదయము ఒకే యుత్పలమాల నాలుగు పాదములును నాలుగు గోడలవలె నిలిచి కదలనిచ్చెడివి కావు. నన్నయ యొక్క ఒకానొక దీర్ఘసమాసమును నేను మూడు విధములుగ విఱిచి, మూడు విధములుగను అర్థము సాధించి, దేనితోను తృప్తి చెందక, సాయంకాలము మాస్టారి యింటికి వెళ్లితిని. వారు నన్ను అర్థము చెప్పనీయలేదు. చూపుడు వ్రేలితో కుర్చీ చేతిమీద గణములను తట్టుచు, “చదువు,” అనిరి. చదివితిని. “మళ్లీ.” మరల చదివితిని. ఎన్నవ పర్యాయముననో, నేనేమియు ఆలోచింపకయే, సమాసము నా నాలుకపై తనంతట తాను సరియైన చోట విఱిగినది. వారు వ్రేలిని ఆపి, లోపలికి కేకవేసి, కాఫీ తెమ్మనిరి.

ఆ ఆదిపర్వమున, సభాపర్వమున, అరణ్యపర్వ పూర్వభాగమున నన్నయ నాకు కవిగా కన్న వాస్తుశిల్పిగా కనబడెను. తన ముందు అట్టి మహాకావ్యము తెలుగున లేదు. వాడుకలో నున్న దేశిపదములు ఎన్నో, స్వీకరింపదగిన సంస్కృతపదములు ఎన్నో, అవి రెండును ఒకే పాదమున ఎట్లు కలిసి బ్రదుకవలెనో ఆయనయే నిర్ణయింపవలసి వచ్చినది. ఈ నిర్మాణమున ఆయనకు నారాయణభట్టు తోడ్పడెను. ఆ నారాయణభట్టునకు నన్నయ పోషకుడైన రాజరాజనరేంద్రుడు నందంపూడి అగ్రహారమును దానమిచ్చిన శాసనము నేటికిని కలదు, దానిని రచించినవాడు నన్నయయే. సాటి పండితుని గౌరవమును ఱాగిరేకుపై తానే వ్రాయుట ఎంతటి సౌజన్యము!

అరణ్యపర్వమున తీర్థయాత్రల సందర్భమున సగరుని వృత్తాంతము వచ్చును. అది నాకు బాల్యమునుండి తెలిసిన కథయే. సగరపుత్రులు యాగాశ్వమును వెదకుచు భూమిని త్రవ్వి, కపిలుని కోపాగ్నికి భస్మమగుదురు. అంశుమంతుడు ఆ మునిని ప్రసన్నుని జేసికొని గుఱ్ఱమును తెచ్చును గాని, తన పితృవ్యుల యుత్తమగతికి గంగ దిగి రావలెననియు, ఆ పని తన మనుమని వలన గాని కాదనియు వినును. అంశుమంతుని కుమారుడు దిలీపుడు. అతడు గంగకొఱకు బహుయత్నము చేసి, కొనసాగింపలేక, రాజ్యమును పుత్రునకు విడిచి వెడలిపోవును. ఆ పుత్రుడే భగీరథుడు. లోకము భగీరథుని పేరును పట్టుదలకు పర్యాయముగ చేసికొన్నది, అది న్యాయమే. కాని ఆ తెల్లవాఱుజామున నా మనస్సు దిలీపుని యొద్ద నిలిచిపోయినది. తన కాలమున కాదని తెలిసియో తెలియకయో ప్రయత్నించినవాడు. గంగ యొక్క తుంపర యొక్కటి యైనను మేన పడనివాడు. అయినను ఆ ఋణమును తనలోనే పాతిపెట్టక కుమారుని చేతికి భద్రముగ అందించినవాడు. దిలీపుడు విసిగి ఆ ప్రస్తావననే మానియున్నచో భగీరథునకు గంగ యను తలంపు ఎచ్చటిది? ఈ కథను తెలిగించిన కొన్ని వందల పద్యములకే నన్నయ గంటము నిలిచిపోయినది. ఆయనకు ఆ సంగతి ముందుగ తెలియదు. నాకు తెలియును, తెలిసి చదువుచున్నందున ఆ పద్యములు నాకు కన్నుల నీరు తెప్పించినవి.

శరత్కాలపు రాత్రులను వర్ణించు పద్యముతో నన్నయ భాగము ముగియును. ఎందుకు ముగిసెనో చెప్పు జనశ్రుతులు అనేకము కలవు. నేను వానిలో దేనిని నమ్మవలెనని శ్రమపడలేదు. మాస్టారి మాట ప్రకారము అచ్చట ఆగి, పుస్తకము మూసి, విరాటపర్వమును తెఱచితిని. ఆ మార్పు ఎట్టిదనిన, ఒక యింటి సగము గదులు దాటి, నడుమ నున్న తలుపును తెఱువక, పెరటి త్రోవన చుట్టి వచ్చి తక్కిన గదులలో ప్రవేశించినట్లుండెను. పాండవులు అప్పటికే పండ్రెండేండ్లును ముగించి, అజ్ఞాతవాసమునకు ఉపాయము పన్నుచున్నారు. వారు అడవిలో చివరి కాలమున ఏమి యనుభవించిరో తెలుగున నా కింకను తెలియదు. తెలియకుండగనే వారి వెంట నడువవలెను.

నాలుగు వందలకు పైగా పుటలు గడచినంతట, విశ్వాసమను దానిని గూర్చి నా భావము మాఱసాగినది. అంతవఱకు, తలపెట్టినది తప్పక నెఱవేఱునను నిశ్చయమే విశ్వాసమని యనుకొంటిని. తిక్కన నెల్లూరిలో కూర్చుండి పదునైదు పర్వముల భారమును శిరస్సున నెత్తికొన్ననాడు, ఆయన ముందు అట్టి నిశ్చయము ఏమున్నది? నన్నయ వంటివాడే నడుమ నిలిచిపోయెను. తాను మంత్రిత్వము వహించిన మనుమసిద్ధి రాజ్యము శత్రువులపాలై, సహాయమునకై తిక్కన ఓరుగల్లునకు పోయి గణపతిదేవ చక్రవర్తిని అర్థించెనని చెప్పుదురు. రాజ్యములు నిలుచునో లేదో తెలియని కాలము. తొలుత తన నిర్వచనోత్తర రామాయణమును ఆ రాజునకే యంకితమిచ్చిన కవి, భారతమును రాజులకెవ్వరికి నీయక హరిహరనాథునకు సమర్పించెను. విరాటపర్వ పీఠికలో, కలలో తండ్రి కొమ్మనామాత్యుడు కనబడుటయు, హరిహరనాథుడు ప్రత్యక్షమగుటయు ఆయన చెప్పికొన్నాడు. ఆ పీఠికను మరల మరల చదివినపుడు నాకు తోచినది ఇది: తిక్కన వెనుకనున్న గండిని తాను పూడ్చలేక కాదు విడిచినది. అది మఱియొకని వంతు. ఆ మఱియొకడు పుట్టునో లేదో, ఎన్నడు పుట్టునో ఆయన కెఱుక లేదు. అయినను తన వంతు పనిని, పూర్ణగ్రంథములో భాగమైనట్లే, ఒక్క యక్షరమునకును లోటు రానీయక ఆయన చేసెను. నేటి నా మనస్సున విశ్వాసమనగా ఆ విడిచిపెట్టుటయే, ఆ ముందునకు సాగుటయే.

తిక్కనకు వ్రాయసకాడు కుమ్మరి గురునాథుడని యొక కథ మన పెద్దలు చెప్పుదురు. కవి ఆగక చెప్పవలెను, లేఖకుడు ఆగక వ్రాయవలెను అని ఇరువురికిని నియమమట. శల్యపర్వమున సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధవార్త చెప్పు ఘట్టమున ఒకచోట తిక్కనకు తట్టక, ఏమి చెప్పుదునని లేఖకుని పేరుపెట్టి పిలిచి దిగులుపడెనట; గురునాథుడు తల యెత్తక ఆ మాటలను గూడ వ్రాసివేసెనట; ఆ పిలుపే సంధివశమున కురునాథుడైన ధృతరాష్ట్రుని పిలుపై పద్యములో చక్కగ అమరిపోయెనట. ఇది చరిత్ర యగునో కాదో పండితులు తేల్చుకొందురు గాక. పట్టుదలను గూర్చి ఇంతకన్న చక్కని కథ నేను వినలేదు. పని సాగుచునే యున్నయెడల తడబాటునకు గూడ పద్యములో చోటు దొరకును.

నేను చదువుచుండగా మా అమ్మ వంటయింటి గుమ్మమున కూర్చుండి చిక్కుడుకాయల ఈనెలు తీయుచు వినెడిది. ఆమె కక్షరములు రావు. కాని భారతము నాకన్న ఎక్కువ వచ్చును. నేను సంధి విప్పుటకై ఆగినప్పుడెల్ల, ఆమె ఈనె తీయుట యాపి, నావంక చూచి, “ధర్మరాజు ఏమన్నాడ్రా?” అని అడిగెడిది. “ఉండమ్మా, ఇంకా తేలలేదు,” అనిన, “ఏమంటాడు, ఓర్చుకోమనే అంటాడు,” అనుచు మరల కాయ నందుకొనెడిది. అనేక పర్యాయములు ఆమె చెప్పినదే పద్యములో తేలెడిది. ద్రోణపర్వము చదువుచున్న కాలమున ఆమె మంచము పట్టినది. చదువు నిలిచినది. ఆమె వెడలిపోయిన తరువాత గూడ చాల కాలము నిలిచియే యున్నది. గొంతెత్తి చదివిన వినువారెవ్వరు అను ప్రశ్న నా గొంతును పట్టుకొన్నది.

నిలిచిన పనికి మరల చేయి పెట్టుట యొక్క కష్టము, ఆరంభించుట యొక్క కష్టము వంటిది కాదు. ఆరంభమునకు ఉత్సాహము తోడుండును. తిరిగి వచ్చుటకు ఏ తోడును ఉండదు. పైగా, విడిచిన పుటలోని పద్యము పరాయి ముఖము పెట్టుకొని చూచును. నేను ఏ మహానిశ్చయముతోను తిరిగి రాలేదు. ఒకనాడు పుస్తకముల దుమ్ము దులుపుచు ద్రోణపర్వమును చేతిలోనికి తీసికొని, గుఱుతుగా పెట్టిన తాటాకు ముక్కయొద్ద తెఱచి, నిలుచుండియే ఒక కందపద్యము చదివితిని. గుమ్మమువైపు చూపు పోయినది. మఱియొక పద్యము చదివితిని. అట్లు ద్రోణము, కర్ణము, శల్యము గడచి స్త్రీపర్వమునకు వచ్చితిని. రణభూమిలో శవముల నడుమ గాంధారి విలపించు ఆ ఘట్టమును నేను పూర్వము కరుణరసమునకు ఉదాహరణముగ మాత్రమే యెఱుగుదును. దుఃఖమున్న ఇంటిలో చదివినపుడు అది ఉదాహరణము కాదు. ఇంతటి దుఃఖమును పద్యమున పెట్టిన కవి, పెట్టి మఱునాడు శాంతిపర్వమునకు గంటమెత్తిన కవి, నాకు పుట్టెడు ధైర్యము నిచ్చెను.

శాంతిపర్వము ఆఱాశ్వాసములు, ఆనుశాసనికము ఐదు. కాలినడకన తిరుమల యెక్కినవారికి తెలియును: గాలిగోపురము దాటి, చదును త్రోవన చాల దూరము నడిచి, ఇక కొండ యైపోయినదని ఊపిరి పీల్చుకొన్న పిదప మోకాళ్ల పర్వతము వచ్చును. యుద్ధపర్వములు ముగించిన పాఠకునకు ఈ పదునొకండు ఆశ్వాసములును అట్టివే. కథ లేదు, అంపశయ్యపై భీష్ముడు, ప్రశ్నించు ధర్మజుడు, రాజధర్మములు, ఆపద్ధర్మములు, మోక్షధర్మములు, దానధర్మములు. తరువాత ఏమి జరుగునో యను ఆసక్తి పాఠకుని చేయి పట్టి నడిపించుట అచ్చటితో ఆగును. ఇక తన కాళ్లతోనే నడువవలెను. నాకు ఈ భాగమే మిగిలిన భాగములకన్న ఎక్కువ నేర్పినదని నిస్సంశయముగ చెప్పగలను. శరీరమంతయు బాణములు గ్రుచ్చుకొన్నవాడు ఉత్తరాయణమునకై వేచియుండి, ఆ వేచియుండు కాలమును మూలుగుచు గడపక, అడిగినవానికి తెలిసినదెల్ల చెప్పుచున్నాడు. వేచియుండుట యనునది కూడ ఒక పని యని, దానిని కూడ చక్కగ చేయవచ్చునని ఆ భీష్ముని ముందు కూర్చుండి నేర్చితిని.

ఆ కాలమున నాకు నిత్యసహచరములు రెండు నిఘంటువులు. ఒకటి బహుజనపల్లి సీతారామాచార్యులవారు ఒంటిచేత్తో కూర్చి 1885లో ప్రకటించిన శబ్దరత్నాకరము. రెండవది పిఠాపుర మహారాజు పోషణమున వెలసిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. దాని చరిత్ర తెలిసిన పిమ్మట, పదము దొరకలేదని విసుగుకొనుట నాకు సిగ్గుగ తోచెడిది. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి ఆ మహాకార్యమును తలకెత్తుకొన్నది. మొదటి సంపుటము అచ్చయి వెలువడునప్పటికి 1936వ సంవత్సరము వచ్చినది. దానికి ప్రాణమిచ్చి పెంచిన జయంతి రామయ్య పంతులుగారు 1941లో గతించిరి. చివరిదైన ఎనిమిదవ సంపుటము 1972లో గాని రాలేదు. హకారము చేరుటకు ఆఱు దశాబ్దములు! అకారము వ్రాసినవారిలో హకారమును కన్నులార చూచినవారు ఎందఱు? ఒక్కొక్క పదమునకు ప్రయోగములు వెదకి, చీటీలపై వ్రాసి, అకారాదిగ పేర్చి, సరిచూచి కన్నుమూసిన ఆ పండితులలో పెక్కుమంది పేరులు నాకు తెలియవు. వారికి పూర్వము, తేమకును చెదలకును లోనగు తాటాకుపై భారతమును తరతరమునకు మరల వ్రాసిపెట్టిన లేఖకుల పేరులు అసలే తెలియవు. శిథిలమైన ఆకునుండి క్రొత్త యాకునకు పద్యమును ఎక్కించి, మసి పూసి, తుడిచి, త్రాడు గ్రుచ్చి కట్టిన ఆ చేతులు ఒక్క తరము విసిగియుండినను, కడపలో పండితులను కూర్చుండబెట్టి వ్రాతప్రతులను సరిచూపించిన బ్రౌను దొరకు గాని, తరువాతి ముద్రాపకులకు గాని చేతికి దొరకునది ఏమి?

స్వర్గారోహణ పర్వమును ముగించిననాడు ఇంటిలో పాయసము వండిరి. పిల్లలు పూర్తియైనదనుకొనిరి. నా చదువింకను పూర్తి కాలేదు. పాండవులు దేహములు చాలించిరి, ధర్మజుడు స్వర్గము చేరెను. నేను మాత్రము వారిని మరల అడవిలో కలిసికొనవలసి యున్నది. మఱునాడు అరణ్యపర్వమును, ఏనాడో ఆగిన చోట, తెఱచితిని.

నన్నయ విడిచినది శరద్రాత్రి. ఎఱ్ఱన ఎత్తుకొన్నది శరత్కాలపు ఉదయము. నడుమ రెండున్నర శతాబ్దములకు పైబడిన కాలము గడచినది. వేంగిలో నన్నయను పోషించిన రాజు లేడు, ఆ రాజ్యము లేదు, కాకతీయులు వెలిగి ఆరిపోయిరి. పద్యమున మాత్రము గడచినది ఒక్క రాత్రి. ఈ విశేషమును విమర్శకులు పూర్వమే గుర్తించిరి. నేను క్రొత్తగ కనుగొన్నది కాదు. కాని తిక్కన పదునైదు పర్వములను నడుమ పెట్టుకొని వచ్చి ఆ రెండు పద్యములను ఒకదానివెంట నొకటి గొంతెత్తి చదివిన నాకు, ఎఱ్ఱన చేసినదేమో శరీరమునకు తెలిసినది. ఆయన సామాన్యుడు కాడు. ప్రబంధపరమేశ్వరుడని కీర్తికెక్కినవాడు, ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున గౌరవమందినవాడు, హరివంశమును ఆ రాజునకు, నృసింహపురాణమును అహోబల నృసింహునకు అంకితమిచ్చినవాడు. అట్టివాడు ఈ యరణ్యపర్వ శేషమును మాత్రము, ఏనాడో కీర్తిశేషుడైన రాజరాజనరేంద్రునకే యంకితముగ, నన్నయ రచనయే యనిపించునట్లు నడిపించెను. శైలియందు మొదట నన్నయ నడక, పోను పోను తిక్కన పోకడ. ఒక యొడ్డునుండి మఱియొక యొడ్డునకు అడుగులు తడబడకుండ దాటించును. తన పేరు వెలుగుటకు వేఱు కావ్యములున్నవి. ఇచ్చట ఆయనకు కావలసినది భారతము నిండుట. పరుని యారంభమును అంతగా ప్రేమించుటకు ఎంతటి హృదయము కావలెను! నేను ఆయనకు చేయు నమస్కారము నా పూజామందిరమున చేయు నమస్కారమునకు తక్కువది కాదు.

సావిత్రి కథయు, యక్షప్రశ్నలును ఎఱ్ఱన భాగములోనివే. నలుగురు తమ్ములును విగతజీవులై పడియుండగా, వారిలో ఒక్కనిని కోరుకొమ్మని యక్షుడనిన, ధర్మజుడు భీమార్జునులను విడిచి మాద్రి కుమారుడైన నకులుని కోరును. ఓర్చుకోమనుటకన్న గొప్ప మాట ధర్మరాజు చెప్పిన తావు అది; అమ్మ వినవలసిన పద్యములు అవి. గుమ్మమువైపు చూడక, కాని ఆమెకు వినబడునంత గట్టిగ, చదివితిని. తమ్ములు లేచిరి, అజ్ఞాతవాసము ఫలించునని వరము లభించెను, పర్వము ముగిసినది. దాని వెనుక పుట విరాటపర్వము, నేను ఏనాడో చదివినది.

ఆ సాయంకాలము మాస్టారి యింటికి వెళ్లితిని. వారికి చూపు మందగించినది, అడుగుల చప్పుడును బట్టి నన్ను గుర్తుపట్టి, “ఎఱ్ఱన అయ్యాడా?” అని అడిగిరి. అయినదంటిని. నన్ను కూర్చుండుమనిరి. అభినందన వాక్యమేమియు చెప్పలేదు. నన్నయ చివరి పద్యమును, ఎఱ్ఱన మొదటి పద్యమును కలిపి చదువుమని చెప్పి, కుర్చీ చేతిమీద వ్రేలితో తట్టుచు వినిరి. ముగిసిన తరువాత, “హరివంశం ఎప్పుడు మొదలుపెడతావు?” అనిరి. భారతమునకు అది ఖిలపర్వము గదా, అది లేనిదే నిండుట యెట్లని వారి భావము. “ఎఱ్ఱన గొంతు ఇప్పుడే పట్టింది నీకు. చల్లారనివ్వకు.” గోడ అలమరలో రెండవ యరలో నున్నదని వారు చెప్పగా వెదకి తీసితిని. పూర్వభాగము అట్ట ఊడి, మొదటి పుటలు వేఱై, పురికొసతో కట్టియున్నది. ఉత్తరభాగము బాగుగనే యున్నది. “బైండు చేయించి తెస్తాను మాస్టారూ,” అంటిని. “తేవద్దు, చదువుతూ ఉంచుకో. అప్పుడప్పుడు వచ్చి నాకు చదివి వినిపించు,” అనిరి. మఱునాడు ఉదయము పూర్వభాగమును బజారులో అట్టవేయువాని యంగడికి తీసికొనిపోయితిని.